మా పెద్దమ్మ తాళం తప్పలేదు

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో ఒకాయన "ఈ రోజుల్లో కూడా స్టెప్ చార్టులు చేత్తో రాసేవాళ్ళున్నారా? ఆడియో పడేస్తే ఏఐ నిమిషంలో చేసిస్తుంది కదా!" అన్నాడు. అక్కడ నవ్వేసి ఊరుకున్నాను. క్యాబ్‌లో ఇంటికొస్తుంటే మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంటే ఈ టపా.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1998లో కొనామీ వాళ్ళు జపాన్‌లో డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ అనే ఆట తెచ్చారు. తెర మీద బాణాలు పైకి పోతుంటాయి, పాటకి తగ్గట్టు కింద ప్యాడ్ మీద ఆ దిక్కున కాలు వెయ్యాలి. స్టెప్‌మేనియా అలాంటిదే, ఓపెన్ సోర్స్. అందులో మనకి నచ్చిన పాట పెట్టుకుని, ఏ క్షణాన ఏ బాణం రావాలో మనమే రాసుకోవచ్చు. అదే స్టెప్ చార్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపించే మామూలు టెక్స్ట్ ఫైలు. వరసకి నాలుగంకెలు, సున్నా అంటే ఖాళీ, ఒకటి అంటే కాలు వెయ్యి. అంతే.

అంతే అనుకునే నేనూ మొదలుపెట్టాను. మాది కరీంనగర్. రెండేళ్ళ కింద సద్దుల బతుకమ్మ నాడు మా పెద్దమ్మ, వాడకట్టు ఆడవాళ్ళు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. సినిమా పాటలకి చార్టులు రాసిన చెయ్యి కదా, ఇదెంత అనుకున్నాను. రెండు నిమిషాలైనా గడవకముందే పాట ఒక దారి, నా బాణాలు ఒక దారి.

ఎందుకో లెక్కేస్తే తేలిగ్గానే తెలిసింది. పాట మొదట్లో నిమిషానికి 90 బీట్లు, అంటే బీట్‌కి 667 మిల్లీసెకండ్లు. ఆట ఊపందుకున్నాక 96 అయింది, అంటే 625. తేడా 42 మిల్లీసెకండ్లే. కానీ అది బీట్ బీట్‌కీ పోగవుతుంది. స్టెప్‌మేనియా డిఫాల్ట్ సెట్టింగుల్లో అటూ ఇటూ 22.5 మిల్లీసెకండ్లలో కాలు పడితే మార్వెలస్, 180 దాటితే మిస్. నాలుగో బీట్‌కి తేడా 167, ఐదో బీట్‌కి 208. అంటే పాట జోరందుకున్న చోట, సరిగ్గా ఆడుతున్న మనిషి ఐదడుగుల్లో ఫెయిల్!

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చార్టు మార్చకుండా పాటని మార్చాను. ఆడియో ఎడిటర్‌లో ముక్కలు ముక్కలుగా సాగదీసి, కుదించి, మొత్తం 90కి కొట్టేశాను. గడుల్లో చక్కగా కూర్చుంది. పండక్కి ఇంటికెళ్ళి పెద్దమ్మకి గర్వంగా వినిపించాను. కాసేపు విని, "గిది ఎవ్వలు పాడిన్రు బిడ్డా?" అంది. నువ్వే పెద్దమ్మా అన్నాను. "నేనా? నేను గిట్ల ఈడ్సుకుంట పాడుతనా? గీ పాటకు కాలెట్ల లేస్తదిరా?" అని ఫోన్ నా చేతిలో పెట్టేసి లోపలికి పోయింది.

నా లెక్కలో 96 ఎర్రర్. ఆమె లెక్కలో 96 అంటే ఆట. గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ ఉంటే పాట దానంతటదే జోరందుకుంటుంది. ఒకామె అందుకుంటే మిగతావాళ్ళు పలుకుతారు, 'ఉయ్యాలో' అని తీసే చోట అందరి ఊపిరీ కలవాలి. ఆ పాటని మెట్రోనోమ్‌కి కట్టేశాక మిగిలేది పాట కాదు.

మన వృత్తిలో ఇది కొత్తేమీ కాదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనల్ని ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ పెట్టెల్లో కుక్కి, పాస్‌పోర్టులో ఒకటి, ఆఫీసు ఐడీలో ఒకటి చేసింది ఎవరు? ఫారమ్ రాసినవాడు. ఫారమ్‌లో పట్టకపోతే పేరుదే తప్పు! గడిలో పట్టకపోతే పాటదే తప్పు! డేటా క్లీనింగ్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం.

నిజానికి టూల్‌ని తిట్టడానికీ లేదు. స్టెప్‌మేనియా ఫైల్లో మధ్యలో ఎన్నిసార్లైనా బీపీఎం మార్చుకోవచ్చు. ఒక కొలతని 192 భాగాల దాకా చెయ్యొచ్చు. మూడేసి దెబ్బల నడకైతే కొలతకి 12 వరసలు రాస్తే సరి, బీట్‌కి మూడు వచ్చేస్తాయి. అన్నీ ఉన్నాయి. లేనిది మన ఓపికే. రెండోసారి కూర్చుని, చప్పట్లు విని, తిరుగుడు తిరుగుడుకీ బీపీఎం మార్చుకుంటూ రాశాను. నాలుగు శనివారాలు పట్టింది. ఈసారి పెద్దమ్మ ప్యాడ్ మీద నిలబడి నాలుగడుగులు వేసింది. "ఇప్పుడు జర మా పాట తీర్గున్నది. మరి చప్పట్లేవిరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్యాడ్‌కి కాళ్ళే తెలుసు, చేతులు తెలీవు.

ఇక ఏఐ సంగతి. ఈ ప్రయత్నం పాతదే. 2017లో డ్యాన్స్ డ్యాన్స్ కన్వల్యూషన్ అని మంచి పేపరే వచ్చింది. అడుగు ఎప్పుడు పడాలో ముందు, ఏ బాణమో తర్వాత తేల్చే పద్ధతి. పని చేస్తుంది కూడా. కానీ అది నేర్చుకున్నది మనుషులు చేత్తో రాసిన చార్టుల నుంచే. వాటిలో బతుకమ్మ పాట ఒక్కటీ లేదు. ఎవరూ రాయనిదాన్ని మెషీన్ ఎక్కణ్ణుంచి నేర్చుకుంటుందండీ? క్లిక్ ట్రాక్ మీద స్టూడియోలో కట్టిన సినిమా పాటకి వాడండి, నాకేం అభ్యంతరం లేదు. మా పాటకి మాత్రం ముందు ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

ఇంకొక మిత్రుడు ఉత్సాహంగా, "నెక్స్ట్ ఆదిలాబాద్ గుస్సాడీ చెయ్యి, నెమలి పింఛాలు, డప్పులు, అదిరిపోతుంది" అన్నాడు. చెయ్యను. గుస్సాడీ అంటే దీపావళికి దండారీలో రాజ్‌గోండులు నియమంతో వేసే ఆట. మార్లవాయి కనకరాజుగారు జీవితమంతా దాన్ని నేర్పారు, 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో పోయారు. ఆ అడుగు నాకు తెలీదు. వీడియో చూసి బాణాలు పేరిస్తే, నేను పెద్దమ్మ పాటకి చేసిన తప్పే ఇంకొకరి దేవుడి ముందు చేసినట్టు. రాయాలో వద్దో ఉట్నూరు, జైనూరు పిల్లలే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు కంప్యూటర్ చాలు. వాళ్ళు రాస్తానంటే ఎడిటర్ నేర్పడానికి నేను రెడీ. రాయేది మాత్రం కాలు కదిపేవాళ్ళే.

"ఇంత చేస్తే ఆడేదెవరు?" అంటారా? మా మేనకోడలు ఆడుతోంది. దానికి తొమ్మిదేళ్ళు, ఉండేది హైదరాబాద్ ఫ్లాట్‌లో. ప్యాడ్ మీద నేర్చుకుని పోయిన బతుకమ్మకి కరీంనగర్‌లో వరసలో నిలబడింది. పాట జోరందుకున్న చోట కాలు తప్పలేదు. చప్పట్లు అక్కడ పెద్దమ్మ నేర్పింది.

నేను మొదట చేసిన 90 ఫైలు ఇచ్చుంటే అది ఆ వరసలో అందరి కాళ్ళకీ అడ్డం పడేది. తప్పు దానిది అనుకునేవాళ్ళం కూడా.