వాగు దగ్గరి పాఠము



కొన్నేళ్ల క్రిందట మా సంఘములోని ఒక తమ్ముడు డిగ్రీ పరీక్షలకు చదువుకుంటున్నాడు. చేతిలో పర్యావరణ విద్య పుస్తకమున్నది. "నీటి కాలుష్యమనగానేమి?" అని అడిగితే గడగడ అప్పజెప్పాడు. "మరి మన నక్కవాగు సంగతి?" అన్నాను. తల వంచుకున్నాడు. మంచము మీది నాయనమ్మ మాత్రము, "నా పెండ్లయిన కొత్తల ఆ నీళ్లే తాగినం అయ్యగారూ. ఇప్పుడు బర్రెను గూడ దించం" అన్నది.

ఆ ఇంట్లో పాఠము ఎవరికి వచ్చినట్లు?

1991 నవంబరు 22న ఎం.సి. మెహతా గారి కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠముగా బోధించాలని చెప్పింది. అటు తరువాత డిగ్రీ విద్యార్థులందరికీ యు.జి.సి. ఆరు నెలల పాఠ్యాంశము తయారుచేసింది. అందులో 50 పీరియడ్లకు 5 పీరియడ్లు, 100 మార్కులకు 25 మార్కులు స్థల పరిశీలనకే కేటాయించింది. దగ్గరలోని నదినో, పాడైన చోటునో స్వయముగా చూచి వ్రాయవలసి ఉండేది. మంచి ఏర్పాటే. కాని మా తమ్ముడు ప్రక్కవాని రికార్డు చూచి వ్రాశాడు. మార్కులు వచ్చాయి. వాగు దగ్గరకు మాత్రము పోలేదు.

పోయి ఉంటే ఎంత నేర్చుకునేవాడో! పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరింది. పొలాలు, బావులు చెడిపోయాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరు వైద్యులు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి పల్లెల పక్షాన పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇక్కడి శుద్ధి కేంద్రమునుండి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించారు. అది డాక్టరు మనకు వ్రాసిచ్చే మందే. అటువంటి నీటిలో బ్రతకనేర్చిన క్రిములు ఆ మందుకు లొంగవు. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే మాత్ర పని చేయకపోవచ్చును.

ఆ తమ్ముడు కెమిస్ట్రీతో డిగ్రీ ముగించి ఈ ప్రాంతములోనే ఒక కంపెనీలో చేరాడు. ఒక ఆదివారము ఆరాధన తరువాత నన్ను ప్రక్కకు పిలిచాడు. "వాన పడే రాత్రి ట్యాంకు నీళ్లు కాలువలోకి వదలమన్నారు అయ్యగారూ. నాయనమ్మ మాట గుర్తొచ్చి వదలనన్నాను. వేరే పనికి మార్చారు" అన్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. ఇంటి మీద అప్పున్నది.

ఆ రాత్రి అతనిని ఆపినది పుస్తకములోని నిర్వచనము కాదు.

తల్లిదండ్రులారా, మన పిల్లలు చదివి ఈ ఫ్యాక్టరీలలోనే పనికి పోతారు. ఆ వాల్వు మీద ఉండే చెయ్యి మన బిడ్డదే. కాలేజీకి పోయే బిడ్డను ఒకసారి వాగు గట్టుకు తీసుకొని వెళ్లండి. ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని పొండి. ఆ నీరు ఒకప్పుడు ఎట్లుండెనో వారినే చెప్పనివ్వండి. బిడ్డ చూచినది, విన్నది తన రికార్డులో తానే వ్రాయాలి.

దేవుడు మొదటి మనుష్యుని తోటలో ఉంచినప్పుడు, దానిని కాపాడే పని కూడ అప్పగించాడు. మన తోట ఈ వాగు ఒడ్డునే ఉన్నది.