‘మన ఆచారం’ అని వాళ్లకు సాకు ఇయ్యొద్దు



పోయిన ఆదివారం సుల్తాన్ బజార్ దగ్గరున్న మా హాస్టల్లో పెద్ద లొల్లి అయింది. ఊరి దిక్కు నుంచి ఫోన్ వచ్చింది. పదో తరగతి పిల్ల వెంట ముప్పై రెండేళ్ల సారు పడుతున్నడట. సారు మనోడే. పెద్దమనుషులు కూర్చొని పెళ్లి మాట మాట్లాడుతున్నరట. మాలోనే ఒకడన్నడు: “ప్రేమే కదరా, మన తండాల్ల, గూడేలల్ల చిన్నప్పుడే చేస్తలేరా?”

ఆ మాటకే ఈ జవాబు.

చిన్నపిల్లను పెద్దోనికి కట్టబెట్టుడు మన ఒక్కల సొత్తు కాదు. ఇక్కడే 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి పోయి గురజాడ ‘కన్యాశుల్కం’ అడగండి. 1892లోనే ఆడిన నాటకం. ముసలి లుబ్ధావధాన్లుకు చిన్నపిల్ల సుబ్బిని అమ్మజూసింది అగ్రహారం. అది సిగ్గుచేటని వాళ్లలో చదువుకున్నోళ్లే కొట్లాడిన్రు. ఆ సిగ్గును మనం ఆచారమని ఎందుకు మోయాలె?

ఇంకొకరు డాక్టర్ల మాట తెస్తరు. నిజమే, వైద్య పుస్తకాల్లో రోగమని రాసింది ఈడు రాని పిల్లల మీది కోరిక గురించే. ఈడొచ్చిన పిల్లల మీద పెద్దల మోజుకు అట్ల వేరే రోగం పేరు లేదు. రోగం కాకపోతే తప్పు కాకుండా పోతదా? లంచం ఏ రోగం? మనసుల కోరిక పుడితే డాక్టర్ దగ్గరికి పోవాలె, పిల్ల దగ్గరికి కాదు.

చట్టం సూటిగా ఉంది. 2012 పోక్సో ప్రకారం 18 లోపు పిల్ల ‘సరే’ అన్నా చెల్లదు. ఆ కోరికతో వెంటపడుడే నేరం. పెళ్లి చేసుకున్నా తప్పించుకోలేడు: 18 నిండని భార్యతో కలిసినా అత్యాచారమేనని 2017 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు చెప్పింది. స్కూలు సిబ్బందే అత్యాచారం చేస్తే కనీసం 20 ఏళ్ల జైలు. నేరం తెలిసీ చెప్పని పెద్దమనుషులకు కూడా ఆరు నెలల దాకా పడొచ్చు.

ఇదే చట్టం ప్రేమించుకున్న పదిహేడేళ్ల జంటలను కూడా పట్టుకుంటదని మనకు తెలుసు. దాని మీద వేరే కొట్లాడుదాం. కానీ ఆ జంటను అడ్డం పెట్టుకొని మార్కులు వేసే చెయ్యి తప్పించుకోవద్దు.

ఆ రాత్రే 1098కి ఫోన్ చేసినం. పిల్ల పేరు, ఊరు పేరు కామెంట్లల్ల అడగొద్దు. “పట్నం పోయి మనోళ్ల మీదనే కేసు పెట్టిన్రు” అని ఊర్ల అంటున్నరట. అననీ. ఆ పిల్ల కూడా మనదే. మార్చిలో పరీక్ష రాయాలె.

జోహార్.