సూది చెప్పిన అబద్ధం

నెల్లాళ్ళపాటు మా ఇంట్లో ఒక నేరవిచారణ సాగింది. ముద్దాయి మా అబ్బాయి. ఫిర్యాదీనీ, న్యాయమూర్తినీ నేనే.

పదిహేను రోజులు రావలసిన పెట్రోలు పదిరోజులకే అయిపోతోంది. నేను కాలేజీకి వెళ్ళివచ్చే దారి పెరగలేదు. అంచేత సాయంత్రాలు వీడు స్నేహితుల్ని ఎక్కించుకుని కాకినాడ సముద్రపొడ్డుకు షికార్లు కొడుతున్నాడని తీర్మానించాను. “కిలోమీటర్లు చూడండి నాన్నగారూ” అన్నాడు వాడు. చూడలేదు. కారు తాళంచెవి బీరువాలో పెట్టాను. వాడు నాతో మాట్లాడడం మానేశాడు.

ఇంతలో కారు కొత్త పేచీలు మొదలుపెట్టింది. వేడి మీద ఆపితే మళ్ళీ ఓ పట్టాన స్టార్టు కాదు. పొగ నల్లగా వస్తోంది. ఉష్ణోగ్రత చూపే సూది మాత్రం ఎప్పుడూ అడుగునే ఉండేది. మా బండి ఎంత చల్లనిదో అని మురిసిపోయేవాణ్ణి!

మా వీధి చివరి మెకానిక్కు, “రేపు పొద్దున్నే, స్టార్టు చెయ్యకముందు నేనే వస్తాను మాస్టారూ” అన్నాడు. వచ్చి, చేతిలో పట్టే చిన్న యంత్రం తగిలించాడు. బయట గాలి 27 డిగ్రీలు. ఇంజను నీళ్ళు 3 డిగ్రీలట!

“రాత్రంతా నిలబడ్డ బండిలో ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. కాకినాడలో ఇంత చలి ఎప్పుడేసింది మాస్టారూ?” అని నవ్వేడు.

సంగతేమంటే, ఇంజనులో తిరిగే నీళ్ళలో బొటనవేలంత సెన్సారు ఒకటి మునిగి ఉంటుంది. వేడెక్కేకొద్దీ దానిలో విద్యుత్తుకు అడ్డు తగ్గుతుంది. అది చూసి కారులోని కంప్యూటరు పెట్రోలు కొలిచి పోస్తుంది. చల్లని ఇంజనుకు ఎక్కువ, వేడి ఇంజనుకు తక్కువ. మా సెన్సారు అస్తమానూ “చలి, చలి” అని మొర పెట్టుకుంటూంటే, పాపం కంప్యూటరు నమ్మి పోస్తూనే ఉంది. “ట్రాఫిక్కులో ఇరుక్కుంటే పంకా కూడా సమయానికి తిరగదండీ. ఇంజను ఉడికిపోయేది” అన్నాడు.

ముందు వైర్లు పరీక్షించాడు. బాగానే ఉన్నాయి. ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి, కొంచెం కూలెంటు దింపి, సెన్సారు విప్పాడు. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత జోలికి పోకూడదు సుమండీ. లోపలి ఒత్తిడికి మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. విప్పినదాన్ని 80 డిగ్రీల నీళ్ళలో ముంచి మీటరు పెట్టాడు. ఇలాంటి సెన్సారు 300 ఓముల దాపులకు దిగాలట. మాది 1,100 దగ్గరే మొరాయించింది. కొత్తది బిగించి, అదే రకం కూలెంటు నింపి, గాలి పోనిచ్చి, ఎక్కడా కారడం లేదని చూశాడు. సూది మెల్లగా లేచి మధ్యకు వచ్చి నిలిచింది.

అప్పుడు కిలోమీటర్లు చూశాను. ఒక్క షికారు దూరం కూడా ఎక్కువ లేదు.

ఆ రాత్రి తాళంచెవి తీసి మావాడి పుస్తకాల మీద పెట్టాను. “తప్పు నాదేరా” అన్నాను. వాడు తలెత్తకుండానే, “పరవాలేదు నాన్నగారూ” అన్నాడు. నెల తర్వాత విన్న మాట అది.

ఇవతలికి రాగానే మా ఆవిడ అడిగింది, “ఆ పాత సెన్సారు పారేశారా?”

“లేదు, ఉంది.”

“ఉండనివ్వండి. మీ బల్ల మీద పెట్టుకోండి.”

పెట్టుకున్నాను.