వణికే బండికి అలైన్‌మెంటే మందా?

పైరు ఎందుకు పండుబారిందో చూడకుండా, దుకాణం వాడు ఇచ్చిన మూడు డబ్బాలూ కలిపి కొట్టెయ్యడం మనకు పాత అలవాటు. వేరుకుళ్లుకు ఆకు మీద మందు కొడితే ఏం లాభమని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఇప్పుడు అదే పద్ధతి బండ్ల దగ్గరికీ వచ్చింది. జబ్బేమిటో తేల్చకుండా సామాన్లు మార్చుకుంటూ పోతున్నారు. పైరు మీద వృథా అయ్యేది డబ్బే. బండి విషయంలో డబ్బుతోపాటు ప్రాణాలు కూడా ఉన్నాయి.

రెండెకరాల రైతు ఇంటి ముందు కూడా ఈ రోజుల్లో పాత మారుతీ 800 కారో, ఓమ్నీ వ్యానో, మహీంద్రా జీపో కనిపిస్తోంది. 800 తయారీ 2014లో ఆగింది, ఓమ్నీ తయారీ 2019లో ఆగింది. అయినా చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. మంచి ఎడ్ల జత ధరకన్నా తక్కువకు దొరుకుతుంటే కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలన్నా, పెళ్లికి పదిమందిని తీసుకెళ్లాలన్నా అదే దిక్కు. ఈ బండ్ల మీద ఎక్కడికి పోయినా వినిపించే ఫిర్యాదు ఒకటే: "ఊళ్లో బాగానే ఉంటుందండీ, రోడ్డెక్కి డెబ్భై దాటేసరికి స్టీరింగు చేతిలో గజగజ వణుకుతుంది."

షెడ్డుకు తీసుకెళితే మొదట వినపడే మాట అలైన్‌మెంటు. అది చేయిస్తారు, వణుకు పోదు. టై రాడ్ ఎండ్లు మారుస్తారు, కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. పది రోజులకు మళ్లీ మామూలే. ఆ తర్వాత షాక్ అబ్జార్బర్లు, ఆ తర్వాత టైర్లు. చివరికి బండి ఖరీదులో సగం దాని మీదే పెట్టి, 'పాత బండి ఇంతేలే' అని అరవైలోనే నడుపుకుంటారు.

అసలు అలైన్‌మెంటు అంటే ఏమిటి? చక్రాలు చూసే దిక్కును సరిచేయడం. నాగలి ఒక పక్కకు పోతుంటే కట్టు సరిచేసుకోమూ, అలాంటిదే. బండి ఒక వైపుకు లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా అది చేయించాల్సిందే. స్టీరింగు వణకడం వేరే సంగతి. ఫలానా వేగంలో మొదలై, ఆ వేగం దాటితే తగ్గే వణుకు చాలాసార్లు చక్రం బరువుకు సంబంధించినది. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోతే వచ్చేది. దానికి మందు బ్యాలెన్సింగు. రెండూ ఒకటే అనుకుని ఒకదానికి డబ్బిచ్చి రెండోది నయం కావాలనుకుంటే ఎలా?

మన బండ్లకు పట్నం బండ్లకు లేని కారణం ఇంకొకటి ఉంది. అది మట్టి. నల్లరేగడి పొలం గట్టున వానాకాలం బండి తిప్పితే రిమ్ము లోపలి వైపు జిగట మట్టి పట్టి ఎండి రాయిలా అవుతుంది. బయటినుంచి చూస్తే కనపడదు. కాస్త మట్టికి ఇంత గోలా అనుకోవద్దు. 800 కారు చక్రం రిమ్ము 12 అంగుళాలది. దాని అంచున ఒకే చోట 100 గ్రాముల మట్టి ఉంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 11, 12 కిలోల బరువుతో చక్రాన్ని బయటికి లాగుతుంది. అదీ సెకనుకు 14 సార్లు దిక్కు మారుతూ. నలభైలో అదే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్లో తెలియని వణుకు పెద్ద రోడ్డు మీద తెలియడానికి కారణం ఇదే.

అందుకని వణుకు మొదలైతే ముందు చక్రాలు విప్పి రిమ్ముల లోపల గీకి కడగండి. దీనికి పైసా ఖర్చు లేదు. బ్యాలెన్సింగుకు ఇచ్చే ముందు కూడా ఇది తప్పనిసరి. మట్టితో ఉన్న చక్రానికి బరువులు కొట్టించుకుంటే, నాలుగు రోజులకు ఆ మట్టి ఊడిపోగానే ఆ బరువులే కొత్త జబ్బవుతాయి. "మొన్ననే బ్యాలెన్సు చేయించాను, మళ్లీ వచ్చింది" అనేవాళ్లలో కొందరి కథ ఇది. చక్రం తిరిగి బిగించేటప్పుడు బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. పంచరు వేయించుకుని బయల్దేరిన కాసేపటికే కొత్తగా ఊపు మొదలైతే ఇంకేమీ ఆలోచించకుండా ఆపి బోల్టులు చూడండి.

ఇక బండిని అడగాల్సిన ప్రశ్నలు. వణుకు స్టీరింగులో తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? స్టీరింగులో అయితే ముందు చక్రాలను, సీటు కింద అయితే వెనక చక్రాలనో షాఫ్టునో అనుమానించాలి. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద నడిపి చూడండి. వణుకు స్టీరింగు నుంచి సీటు కిందికి దిగిందంటే దోషం చక్రంలోనే ఉంది, స్టీరింగు సామాన్ల జోలికి పోనక్కర్లేదు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు మందం సమంగా లేదని అనుమానం. యాక్సిలరేటరు తొక్కినప్పుడే వస్తే 800లో ముందు చక్రాల యాక్సిల్ జాయింట్లు చూడాలి, ఓమ్నీలో వెనక్కి పోయే షాఫ్టు క్రాసు చూడాలి. ఖాళీ రోడ్డు మీద వణికే వేగంలో గేరు న్యూట్రల్ చేసి వదిలితే వణుకు ఆగిపోయిందా, అది ఇంజను వైపుది. ఆగలేదా, చక్రాల వైపుది. అయితే తాళం మాత్రం తిప్పొద్దు, స్టీరింగు లాకు పడిపోతుంది.

నెమ్మదిగా, ఇరవై ముప్పైలోనే బండి బాతులా ఊగుతూ నడిస్తే అది బ్యాలెన్సింగుతో పోయేది కాదు. రిమ్ము వంగి ఉండాలి, లేదా టైరు లోపలి పొర తెగి బుడిపె వచ్చి ఉండాలి. టైరు చుట్టూ అరచేత్తో తడిమితే ఎత్తుపల్లం తెలుస్తుంది. బుడిపె వచ్చిన టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోవద్దు. టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది. పక్కన అచ్చు వేసిన అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత బండి కొనేటప్పుడు 'టైర్లు కొత్తవండీ' అంటే పళ్లు ఒక్కటే చూసి నమ్మకండి, ఈ అంకెలు చదవండి. ఎక్కువ రోజులు కదలకుండా నిలబెట్టిన బండి టైరు నేలకు ఆనినచోట చదునై కొంతదూరం అదరడం మాత్రం మామూలే. వేడెక్కాక పోయిందంటే దిగులు లేదు.

ఇవన్నీ బాగానే ఉన్నా వణుకు పోకపోతే అప్పుడు కీళ్లు చూడాలి. గట్టి నేల మీద వెనక చక్రాలకు రాళ్లు పెట్టి ముందు చక్రాన్ని జాకీతో లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. ఇటుకలూ పనికిరావు, చిట్లిపోతాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక తెలిసిందంటే బేరింగో కింది బాల్ జాయింటో అరిగి ఉంటుంది. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. అప్పుడు కదలిక ఆగితే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. కుడిఎడమలుగా పట్టుకుని ఊపినప్పుడే లూజు ఉంటే టై రాడ్ వైపు చూడాలి. కీలులో లూజు ఉంచి చేయించిన అలైన్‌మెంటు రోడ్డెక్కిన మొదటి గుంతకే పోతుంది.

జీపు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది భయపెట్టే రకం. ఏభై అరవైలో పోతుండగా గుంత తగిలితే ముందు చక్రాలు రెండూ ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలవుతుంది. స్టీరింగు చేతుల్లోంచి లాక్కుపోతుంది. వేగం తగ్గేదాకా ఆగదు. కింగ్ పిన్నులు, వాటి బేరింగులు, టై రాడ్ ఎండ్లు, ముందు కమాను పట్టీల బుష్షులు, వాటి యూ బోల్టులు, స్టీరింగు బాక్సును ఛాసీకి బిగించే బోల్టులు, వీటిలో ఒకటో రెండో లూజై ఉంటాయి. దీనికి కొందరు మెకానిక్కులు చిన్న డాంపరు ఒకటి బిగించి పంపుతారు. డాంపరు చెడ్డది కాదు. కానీ లోపల లూజు అలాగే ఉంచి పైన డాంపరు పెట్టడమంటే జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసుకోవడమే. ఇలాంటి ఊపు వచ్చినప్పుడు బ్రేకు గట్టిగా కొట్టకుండా, స్టీరింగుతో పోట్లాడకుండా గట్టిగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలెయ్యాలి. వేగం దానంతట అదే తగ్గనివ్వాలి. ఆ జీపులో కూలీలను ఎక్కించుకుని పోయేవాళ్లు బాగుచేయించేదాకా ఆ పని మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఒక్క రోజు కూలి పోతే పోయింది.

మెకానిక్కులను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. తప్పులో సగం మనది. ఒక గంట కూర్చుని బండిని నడిపి, లేపి, ఊపి చూసి 'మీ రిమ్ముకు మట్టి పట్టింది, అంతే' అన్నవాడికి మనం ఎంతిస్తాం? "చూసినందుకు కూడా డబ్బులేంటయ్యా" అంటాం. అదే నాలుగు సామాన్లు మార్చి నాలుగు వేలు బిల్లు వేస్తే బేరమాడైనా ఇస్తాం. ఇక అతను చూస్తాడా, మారుస్తాడా? పురుగుమందు దుకాణంలో సలహా ఉచితమైనందుకే డబ్బాలు ఎక్కువ అమ్ముడవుతున్నాయని తెలిసినవాళ్లమే ఇక్కడ మాత్రం మరిచిపోతున్నాం. చూసినందుకు కూలి ఇస్తానని షెడ్డులో ముందే చెప్పండి. ఏ సామాను మార్చాలన్నా లూజు ఎక్కడుందో చక్రం లేపి మీ చేత్తో ఊపించి చూపించమనండి. చూపించలేనిదాన్ని మార్చనివ్వకండి. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి.

షెడ్డుకు పోయేముందు ఒక కాగితం మీద ఎంత వేగంలో మొదలవుతోంది, ఎంతలో తగ్గుతోంది, బ్రేకుతోనా, బరువుతోనా, ఏ గుంత తర్వాత మొదలైంది, అంతకుముందు ఏం మార్చారు అన్నవి రాసుకుని తీసుకెళ్లండి. 'వణుకుతోంది' అన్న ఒక్క మాటతో ఎంత మంచి మెకానిక్కయినా ఊహించి చెప్పాల్సిందే. పని అయ్యాక డబ్బు లెక్కపెట్టే ముందు మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని వణుకు మొదలైన రోడ్డు మీదికే, మొదలైన వేగంలోనే ఒకసారి నడపండి. షెడ్డు ముందు సందులో తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు, ఆ సందులో అది ముందు కూడా వణకలేదు.