చచ్చినోణ్ణి బతికించేది పక్కోడే: టైటాన్స్ ఓటములు, మన మాటలు

భీమడోలులో రూములు తీసుకుని, కొంతమంది ఏలూరుకి, కొంతమంది తాడేపల్లిగూడేనికి రోజూ కాలేజీకి తిరిగే ఏజెన్సీ పిల్లలం కలిసి ఇది రాస్తున్నాం. మాలో కోయలు ఉన్నారు, కొండరెడ్లు ఉన్నారు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు, ఇలా తలో మండలం. కబడ్డీ పిచ్చి మాత్రం అందరికీ ఒకటే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

2025 సీజన్‌లో తెలుగు టైటాన్స్ ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. క్వాలిఫయర్ 2 లో పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయాం. ఆ రాత్రి నుంచి మనోళ్ళలో మూడు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి, "ఇంక ఈ జట్టుని చూడను." రెండు, "తెలుగోళ్ళకి కబడ్డీ రాదు, రాసిపెట్టి ఉంది." మూడు, "పేరుకే తెలుగు, మనకేం సంబంధం?" మొదటిది బాధతో అన్నమాట, దాన్ని తప్పు పట్టం. మూడోదాంట్లో నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాం. రెండో మాట మాత్రం ఎక్కడో విన్నట్టు అనిపించింది. మన గురించి వేరేవాళ్ళు అనే మాటే అది. అందుకే ఈ పోస్టు.

ముందు లెక్క చూద్దాం. ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పటి ఎనిమిది జట్లలో టైటాన్స్ ఒకటి. రాహుల్ చౌదరి కూతకెళ్తుంటే టీవీ ముందు ఊపిరి బిగపట్టి కూర్చున్న రోజులు అవి. 2015లో సెమీఫైనల్‌కి వెళ్ళి బెంగళూరు బుల్స్ మీద ఒక్క పాయింటు తేడాతో ఓడాం, మూడో స్థానంతో సరిపెట్టుకున్నాం. 2016లో ఇంకోసారి సెమీస్ చూశాం. ఆ తర్వాత దిగడం మొదలైంది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లు పెట్టి తెచ్చుకున్నారు. ఆ వేలంలో అదే పెద్ద ధర. పన్నెండు జట్లలో పదకొండో స్థానం వచ్చింది.

ఇక అసలు చీకటి తర్వాతి మూడు సీజన్లు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. అదీ జైపూర్ మీద ఒక్క పాయింటు తేడాతో. తొమ్మిదో సీజన్‌లో 22కి రెండు. పదో సీజన్‌లో 22కి రెండు. మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ పట్టికలో ఆఖరు. అప్పట్లో ఏడు పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవాళ్ళు. మనం గెలుపు సంగతి వదిలేసి "ఏడులోపు ఓడితే చాలు" అని దండం పెట్టుకునే స్థితికి వచ్చేశాం. ఆ మూడేళ్ళు జట్టుని వదలకుండా చూసినోళ్ళకి ఆ బాధేంటో చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు ఓడారు? "రాదు" కాబట్టి అనేది జవాబు కాదు. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అతి పెద్ద ధర. డబ్బులు దండగ చేశాడా అంటే లేదు. ఆ సీజన్‌లో 200 పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. దేశంలో ఉన్న మంచి కూతగాళ్ళలో ఒకడు మన జట్టులో ఉండి, అతను తన పని తాను చేసి, జట్టు ఆఖర్న నిలిచింది. అంటే లోపం ఒక మనిషి ఆటలో లేదు.

ఊళ్ళో చెడుగుడు ఆడినోళ్ళకి ఇది వెంటనే అర్థమవుద్ది. మన ఆటలో అవుట్ అయినోణ్ణి "చచ్చాడు" అంటాం, తిరిగి లోపలికి వస్తే "బతికాడు" అంటాం. చచ్చినోడు ఎంత మొనగాడైనా గీత బయట కూర్చుని తనను తాను బతికించుకోలేడు. లోపల మిగిలినోళ్ళలో ఎవడో ఒకడు పాయింటు తేవాలి, లేదా నలుగురు కలిసి అవతలోణ్ణి పట్టు పట్టాలి. అప్పుడే ఇతను లేచి వస్తాడు. ప్రత్యర్థి జట్లు ఇదే పట్టుకున్నాయి. పవన్‌ని ఒక్కసారి పడగొడితే చాలు, అతన్ని బతికించే రెండో కూత లేదు, గట్టి పట్టు లేదు. కోట్ల రూపాయల ఆటగాడు బయట కూర్చుని మ్యాచ్ చేయి జారడం చూడాల్సి వచ్చింది. ఒక్కణ్ణి కొన్నారు, మిగతా ఆరుగురి సంగతి కుదర్లేదు. అంతే జరిగింది.

పదకొండో సీజన్ ఇదే మాటని అటువైపు నుంచి చెప్పింది. క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. పవన్ గాయంతో మధ్యలో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. విజయ్ మాలిక్ ముందుకొచ్చి ఆ బరువు ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు కలిసొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో 12 గెలుపులు, ఏడో స్థానం. ఆరు జట్లకే ప్లేఆఫ్ కాబట్టి ఒక్క మెట్టులో పోయింది. పన్నెండో సీజన్‌కి పవన్ జట్టులోనే లేడు, విజయ్ మాలిక్ కెప్టెన్. జట్టు క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళింది. మూడేళ్ళు వరసగా ఆఖర్న నిలిచిన జట్టు రెండేళ్ళలో ఫైనల్ గుమ్మం దాకా వచ్చిందంటే, "రాదు, రాసిపెట్టి ఉంది" అన్న మాట ఏమైనట్టు?

ఇది మన ఒక్క జట్టు కథే కాదు. హైదరాబాద్ పేరుతో ఆడిన డెక్కన్ చార్జర్స్ 2008 ఐపీఎల్‌లో ఆఖరి స్థానం, 2009లో అదే జట్టు కప్పు ఎత్తింది. అమెరికాలో బేస్‌బాల్ జట్టు చికాగో కబ్స్ 1908లో గెలిచాక మళ్ళీ 2016లో గెలిచింది. 108 ఏళ్ళు. ఆ మధ్యలో పుట్టి, ముసలై, కప్పు చూడకుండానే పోయిన అభిమానులు ఎంతమందో. వాళ్ళ జట్టుకి శాపం ఉందని కూడా చెప్పుకునేవాళ్ళు. శాపం అని చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎవరూ ఏమీ మార్చక్కర్లేదు కదా. "తెలుగోళ్ళకి రాదు" అనేది కూడా అలాంటి సుఖమే.

ఇప్పుడు మన సంగతి. ఏజెన్సీ నుంచి వచ్చి డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో మూడు, నాలుగు సబ్జెక్టులు పోయినోళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. ఇంట్లో కోయ మాట, బళ్ళో తెలుగు, కాలేజీకి వచ్చేసరికి ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం. ఫలితాలు వచ్చాక వినబడే మాట ఒకటే: "ఏజెన్సీ పిల్లలకి చదువు ఎక్కడ వచ్చుద్దిలే." ఈ మాటకి మనకి ఒళ్ళు మండుద్ది. మండాలి కూడా. మరి అదే నోటితో ఓడిన ఆటగాళ్ళని "మీ రక్తంలోనే లేదు" అంటే ఎట్లా? పన్నెండో స్థానం ఒక సీజన్ లెక్క. నాలుగు బ్యాక్‌లాగులు ఒక సెమిస్టర్ లెక్క. రెండిట్లోనూ పుట్టుక గురించి ఏమీ రాసి ఉండదు. ఎవరు ఆడారు, ఎవరు నేర్పారు, పక్కన ఎవరున్నారు, అదే రాసి ఉంటుంది.

ఇంకో సంగతి. కబడ్డీలో బోనస్ పాయింటు ఉంది కదా. బోనస్ గీత దాటితే స్కోరు ఒకటి పెరుగుద్ది, కానీ దానికి చచ్చినోడు ఒక్కడు కూడా బతకడు. ఫెయిలైన తమ్ముడికి "ధైర్యంగా ఉండు" అని మెసేజ్ పెట్టి, కింద అందరం దండాల బొమ్మలు పెట్టడం బోనస్ పాయింటు లాంటిది. మంచిదే, కానీ వాడు బయటే కూర్చుని ఉంటాడు. రెండు సెమిస్టర్లు అలా కూర్చుంటే సంచి సర్దుకుని ఊరెళ్ళిపోతాడు, లేదంటే కొల్లేరు చెరువుల మీద చేపల పనికి పోతాడు. పని చేయడం నామోషీ కాదు. చదువు వదలడానికి కారణం "మనవల్ల కాదు" అన్న మాట అయితే మాత్రం అది మనందరి ఓటమి.

డబ్బు గురించి కూడా చెప్పాలి. ఓడిన కసితో, "జట్టు పోగొట్టింది నేను రాబట్టుకుంటా" అని ఫోన్లో పందెం కట్టే అలవాటు కొంతమందికి అంటుకుంది. మన రాష్ట్రంలో 2020 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. 2025లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. అయినా దొంగదారులు ఉంటూనే ఉన్నాయి. సంక్రాంతి కోడిపందేల్లో ఎకరం పోగొట్టుకున్నోళ్ళ కథలు ఈ పక్క పల్లెల్లో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. మన స్కాలర్‌షిప్ డబ్బులు రూము అద్దెకి, బస్సు పాసుకి, పరీక్ష ఫీజుకి. జట్టు ఓడితే ఒక రాత్రి నిద్ర పోద్ది, ఫీజు డబ్బులు పోతే సంవత్సరం పోద్ది.

ఇక మూడో మాట, "పేరుకే తెలుగు". ఇందులో నిజం ఉందని ముందే ఒప్పుకున్నాం. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, విజయ్ మాలిక్‌ది హర్యానా. బరిలో తెలుగు కుర్రాళ్ళు ఎప్పుడూ తక్కువే. అయితే దీనికి ఆ ఆటగాళ్ళ మీద కోపం ఎందుకు? వాళ్ళు వేలంలో వచ్చారు, చేతనైంది ఆడారు. అడగాల్సింది వేరే ఉంది. మనోళ్ళు వేలం దాకా ఎందుకు చేరట్లేదు?

సంక్రాంతికి మన మండలాల్లో ఏ ఊళ్ళో పోటీ పెట్టినా జట్లకి కొదవ ఉండదు. కాళ్ళలో బలం, ఊపిరి, తెగువ, ఏదీ తక్కువ కాదు. కానీ మనం ఆడేది మట్టి మీద, ఉట్టి కాళ్ళతో. లీగ్ ఆడేది మ్యాట్ మీద, బూట్లతో. మట్టి మీద కాలు జారుద్ది, మ్యాట్ మీద కాలు పట్టేసుద్ది. చీలమండ పట్టు, గొలుసు పట్టు, అన్నీ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. సెలక్షన్‌కి వెళ్ళిన మనోడు జీవితంలో మొదటిసారి మ్యాట్ ఎక్కేది అక్కడే అయితే ఆ పదినిమిషాల్లో ఏం చూపిస్తాడు? పోలవరం ముంపులో ఊరు వదిలొచ్చినోళ్ళకైతే ఆ మట్టి బరి కూడా పోయింది. ఇల్లు ఇచ్చినచోట ఆడుకునే జాగా కూడా ఉందా అని అడిగినోడు లేడు.

దారి వేస్తే మనోళ్ళు నడవగలరని పక్క రాష్ట్రంలో కనబడింది. 2025 నవంబరులో ఢాకాలో మహిళల కబడ్డీ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో సంజూ దేవి ఉంది. ఛత్తీస్‌గఢ్ కోర్బా జిల్లాలో పల్లెటూరి పిల్ల. బిలాస్‌పూర్‌లో హాస్టల్‌తో ఉన్న కబడ్డీ అకాడమీలో తర్ఫీదు అయింది. ఆమె ప్రతిభ ఆమెదే. కానీ ఆ ప్రతిభకి తిండి, మ్యాట్, కోచ్ ఒకచోట దొరికాయి. మన బాలికల ఆశ్రమ పాఠశాలల్లో అలాంటి పిల్లలు లేరని ఎవరైనా అనగలరా?

కాబట్టి మేం చెప్పేది ఇది. జట్టుని చూడండి, ఓడితే బాధపడండి, తిట్టాలంటే ఆటని తిట్టండి. ఎందుకు రెండో రైడర్ లేడు, ఎందుకు ఎడమ మూల ఖాళీగా ఉంది, అని అడగండి. మనిషి పుట్టుకని, ఊరిని, భాషని తిట్టకండి. ఆ తిట్టు ఎప్పుడూ తిరిగి మన గుమ్మం ముందుకే వస్తుంది.

చేయాల్సిన పనులు రెండు అనుకున్నాం. ఒకటి, ఏజెన్సీ మండలానికి ఒక మ్యాట్, ఒక కోచ్ కావాలని కె.ఆర్.పురం ఐటీడీఏకి అర్జీ పెడదాం. లీగ్ జట్లు కొత్త కుర్రాళ్ళని తీసుకునే కోటా ఒకటి ఉంది. ఆ ఎంపికలు ఏజెన్సీలో కూడా పెట్టమని టైటాన్స్ వాళ్ళకీ రాద్దాం. అర్జీ మీద సంతకాలు అక్కచెల్లెళ్ళవి కూడా ఉండాలి, ఎందుకంటే మ్యాట్ వస్తే మగపిల్లలే ఆక్రమించుకునే అలవాటు మనకి తెలుసు.

రెండోది భీమడోలులోనే. ప్రతి ఆదివారం పొద్దున, సబ్జెక్టు పాసైనోళ్ళు పోయినోళ్ళ పక్కన రెండు గంటలు కూర్చోవాలి. ఇంగ్లీషు, లెక్కలు, అకౌంట్స్‌తో మొదలు పెడదాం. ఫెయిలైనోడు సిగ్గుపడి తనంతట తాను రాడు, మనమే రూముకెళ్ళి పిలుచుకురావాలి. ఎవరు ఏ సబ్జెక్టు చెప్పగలరో, ఎవరికి ఏది కావాలో కింద రాయండి. రాయడానికి మొహమాటంగా ఉంటే విడిగా ఫోన్ చేయండి, పేరు బయటికి రాదు.

కొత్త సీజన్ మొదలైనప్పుడు మళ్ళీ అందరం ఒకే రూములో కూర్చుని చూద్దాం. ఈ లోపు నవంబరు సెమిస్టర్‌లో పోయిన సబ్జెక్టులు ఎన్ని తగ్గాయో ఆ రోజు లెక్క చెప్పుకుందాం.