నాగి కష్టం ఏ ఎస్టిమేట్‌లో ఉంది?

సౌందర్య అనగానే మనకు 'పవిత్ర బంధం', 'రాజా', 'జయం మనదేరా' గుర్తొస్తాయి. ఆవిడ సొంతంగా నిర్మించి, నటించిన కన్నడ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం వచ్చిందని మొన్న సెలవుల దాకా నాకు తెలియదు. ఆ సినిమా 'ద్వీప'. నా. డిసోజా నవల ఆధారంగా గిరీష్ కాసరవల్లి తీశారు. 2002లో వచ్చింది.

కథ చిన్నదే. డ్యామ్ కట్టారు, నీళ్లు పెరుగుతున్నాయి. చుట్టుపక్కల వాళ్లంతా పరిహారం తీసుకుని వెళ్లిపోతున్నారు. సీతాపర్వతం అనే కొండ మీద గుడి పూజారి దుగ్గజ్జ, కొడుకు గణప, కోడలు నాగి మాత్రం మిగిలిపోతారు. కొండ కాస్తా ద్వీపమవుతుంది. పైన ఆగని వాన.

నాతో కలిసి చూసిన రూమ్మేట్ "స్లోగా ఉందిరా, విలన్ కూడా లేడు" అన్నాడు. నిజమే, లేడు. గూండాలు రారు, మంత్రి స్పీచులివ్వడు. నాకు నచ్చింది అదే. ఇందులో రాజకీయమంటే ఒక కాగితం, రోజురోజుకీ పైకొచ్చే నీటిమట్టం. కొండ దిగితే చేతికొచ్చేది కొంత డబ్బు. కానీ కింద దుగ్గజ్జను పూజారిగా ఎవరు గుర్తిస్తారు? ఆ మర్యాదకు ఏ ఆఫీసరు రేటు కడతాడు?

అయితే సినిమా అక్కడితో ఆగదు. ముగింపు చెప్పేస్తున్నా, ఏమనుకోవద్దు. ఆ వానలో ఇంటిని నిలబెట్టేది నాగి. సాయానికి వచ్చిన కృష్ణతో ఆమె నవ్వుతూ మాట్లాడినా గణపకు అనుమానమే. అతను వెళ్లిపోయాక భారమంతా ఆమె మీదే పడుతుంది. చివరికి వాన తగ్గుతుంది, ఇల్లు మిగులుతుంది. అప్పుడు గణప అంతా దేవుడి దయ అంటాడు. నాగి మొహం చూడాలి అప్పుడు! ప్రభుత్వం లెక్కలో ఆమె లేదు, సరే. మొగుడి లెక్కలో కూడా లేదు.

ఆ సీన్ చూశాక మా అమ్మమ్మకు ఫోన్ చేశాను. కృష్ణ ఒడ్డున ఉన్న ఆవిడ మెట్టినిల్లు ప్రాజెక్టు ముంపులో పోయింది. "అమ్మమ్మా, అప్పుడు డబ్బులు నీ పేరు మీద ఏమైనా వచ్చాయా?" అని అడిగాను. నవ్వింది. "నా పేరెందుకుంటది రా? చాకిరీ నాది, పొలం మీ తాతది" అంది. ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ అడగలేదు. సెలవులకు వెళ్లి ఆవిడ చేతి వంట తిని రావడమే తెలుసు. లెక్కలో రాయని వాళ్లలో నేనూ ఉన్నాను.

శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే పేపర్లలో ఫోటోలొస్తాయి. మునిగిన వంటిళ్ల ఫోటోలు ఎవరూ వేయరు.

నేను సివిల్. రిజర్వాయర్ చాప్టర్‌లో కాంటూర్ మ్యాప్ మీద పూర్తి నీటిమట్టం గీత గీస్తాం. దానికి లోపలున్నదంతా 'ముంపు ప్రాంతం'. అది ఇన్ని హెక్టార్లు, నిల్వ ఇంత అని రాస్తే ఫుల్ మార్కులు. డ్యాములు వద్దని నేను అనడం లేదు. మా జిల్లాలో చాలా పొలాలకు ఆ నీళ్లే దిక్కు, హాస్టల్ ఫ్యానుకు కరెంటూ కావాలి. చట్టం కూడా కొంత మారింది. 2013 భూసేకరణ చట్టం భూమి లేని కూలీలను, కౌలుదార్లను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తిస్తుంది. మంచిదే. కానీ గణప కళ్లు తెరిపించే చట్టం లేదు కదా!

అందుకే ఆ చాప్టర్ చెప్పే ముందు క్లాసులో 'ద్వీప' వేయాలని నా అభిప్రాయం. రేపు మనలో ఎవరో ఒకరం ఆ గీత గీస్తాం. గీసేటప్పుడు లోపల ఒక నాగి ఉందని గుర్తుంటే, సర్వేకు వెళ్లినప్పుడు ఇంటి యజమానితో మాట్లాడి తిరిగొచ్చేయం. వంటింటి గుమ్మం దగ్గర కూడా ఆగి, "అమ్మా, మీ పేరేంటి?" అని అడుగుతాం.