ఏళ్ళు లెక్కపెడతారు.. పొగ లెక్కపెట్టరు!

విశాఖలో పొగ తగ్గాలా వద్దా అని అడిగితే అందరికంటే ముందు మేమే తగ్గాలంటాం. కాన్వెంట్ జంక్షన్ దగ్గర, షీలానగర్ రోడ్డు మీద, సింధియా దాటాక ఆ పొగ మింగేది మనమే. స్టీరింగ్ ముందు పది గంటలు కూర్చునే లారీ డ్రైవరు మనకంటే ఎక్కువే మింగుతాడు. బ్రేకు పట్టని బండి రోడ్డెక్కకూడదు. నల్లపొగ కక్కే బండి షెడ్డుకు పోవాలి. ఇందులో రెండో మాట లేదు. మా పేచీ తనిఖీతో కాదు. తనిఖీ పేరు చెప్పి, డీజిల్ బండిని నమ్ముకుని బతికే చిన్నవాడి జేబు కోయడంతోనే మా పేచీ!

సంగతేమిటో చూడండి. 2021 అక్టోబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టింది. బండికి 15 ఏళ్ళు దాటితే ఎఫ్‌సీ రెన్యువల్‌కు ఆటోవాడు 3,500 రూపాయలు, మధ్య తరహా లారీవాడు 10,000, పెద్ద లారీవాడు 12,500 కట్టాలన్నారు. పెద్ద లారీకి అంతకుముందు 1,500 ఉండేది. ఒక్క దెబ్బకు ఎనిమిది రెట్లు! అక్కడితో ఆగారా? 2025 నవంబరులో మరో నోటిఫికేషన్ తెచ్చి, 20 ఏళ్ళు దాటిన పెద్ద లారీకి 25,000 రూపాయలన్నారు. రాష్ట్రంలో లారీ యజమానులు ఆందోళనకు దిగారంటే దిగరా మరి?

ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. ఇంజను పని కోసం బండి నాలుగు నెలలు ఆటోనగర్ షెడ్డులో పడి ఉందనుకోండి. కిరాయి లేదు, రాబడి లేదు. మెకానిక్‌కు ఇవ్వాల్సింది ఎటూ ఉంది. దానిమీద 6,000 రూపాయలు ఈ రోజువారీ వడ్డన. రోడ్డెక్కని బండికి రోడ్డు మీది జరిమానా! కట్టకపోతే మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ కాచుకుని ఉంది. ఎఫ్‌సీ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే లెక్క. ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ తప్పుకోవడానికి చూస్తుంది. అంటే యజమాని కొంప కొల్లేరే.

ఇది ఫీజా, శిక్షా?

మేం పాలకులను ఒక్కటే అడుగుతున్నాం. 14 ఏళ్ళ లారీని పరీక్షించే యంత్రం వేరు, 16 ఏళ్ళ లారీని పరీక్షించే యంత్రం వేరా? అదే బ్రేకు రోలరు. అదే హెడ్‌లైటు పరీక్ష. అదే పొగ మీటరు. పట్టే సమయమూ అదే. మరి ఫీజు ఎనిమిది రెట్లు ఎలా అయింది? చేసిన సేవకు తీసుకునేది ఫీజు అని, ఖజానా నింపడానికి వసూలు చేసేది పన్ను అని సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో తేడా చెప్పింది. సేవకూ సొమ్ముకూ పొంతన లేనప్పుడు దాన్ని ఫీజు అనకండి. శిక్ష అనండి. పాతబండి ఉంచుకున్నందుకు శిక్ష. కొత్తబండి కొనే తాహతు లేనందుకు శిక్ష!

15 ఏళ్ళు దాటిన లారీ తిరగకూడదన్నదే ప్రభుత్వం ఉద్దేశమైతే ఆ మాట సూటిగా చెప్పొచ్చు. బండ్లకు వయసు పరిమితి పెట్టే అధికారం అదే చట్టంలో 59వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. కానీ అలా చెబితే దేశమంతా చర్చ జరుగుతుంది. నష్టపరిహారం మాట వస్తుంది. అందుకే నిషేధం అనే మాట నోట రానివ్వకుండా, ఫీజుతో గొంతు నొక్కి బండిని వాడే వదిలించుకునేట్టు చేస్తున్నారు.

కారుకో న్యాయం, లారీకో న్యాయం

అదే 2021 నోటిఫికేషన్‌లో 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000 అన్నారు. ఒకసారి కడితే ఐదేళ్ళు చల్లగా ఉండొచ్చు. అంటే ఏడాదికి వెయ్యి. లారీకి? ఎనిమిదేళ్ళు దాటిన దగ్గర్నుంచి ఏటా ఎఫ్‌సీ. కాబట్టి 15 దాటితే ఏటా 12,500. షికారుకు తిరిగే కారుకు వెయ్యి, అన్నం పెట్టే లారీకి పన్నెండున్నర వేలు!

పాతబండిని తుక్కుకిచ్చి కొత్తది కొంటే రోడ్డు ట్యాక్సులో రాయితీ ఇస్తామని 2021 అక్టోబరులోనే మరో నోటిఫికేషన్‌లో ఊరించారు. అందులోనూ ఇదే వరస. సొంత వాహనానికి 25 శాతం దాకా, రవాణా వాహనానికి 15 శాతం దాకా. అవసరం ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ. ఇక తుక్కు విలువ కొత్తబండి ఖరీదులో 4 నుంచి 6 శాతం వస్తుందని ప్రభుత్వమే చెప్పింది. ముప్పై లక్షల బండి అనుకుంటే వచ్చేది లక్షా ఇరవై వేల నుంచి లక్షా ఎనభై వేలు. మిగతా ఇరవై ఎనిమిది లక్షలు ఎవరిస్తారు? ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది. వడ్డీతో ఇస్తుంది. రెండు వాయిదాలు తప్పితే బండి లాక్కుపోతుంది.

ఢిల్లీ వైపు కూడా చూడండి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఆయిల్ పోయొద్దన్నారు. రాజధానిలో కార్ల యజమానులు గగ్గోలు పెట్టారు. రెండు రోజుల్లో ఢిల్లీ ప్రభుత్వం ఇది కుదిరే పని కాదని ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా ఆ ఆదేశం వాయిదా పడింది. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. వయసు కాదు, కాలుష్యం చూడాలని అప్పుడు ఢిల్లీ వాదించింది. బాగుంది. న్యాయమైన వాదనే. ఆ వాదన గాజువాక లారీకి ఎందుకు పనికిరాదో చెప్పండి!

మీటరు ఉంది, వాడరేం?

పొగ కొలవడం బ్రహ్మవిద్య కాదు. ఇంజను రేజ్ చేసి సైలెన్సర్‌లో గొట్టం పెడితే పొగ ఎంత చిక్కగా ఉందో మీటరు చెబుతుంది. బీఎస్-4 కంటే పాత డీజిల్ బండికి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండికి 50 దాటకూడదని నిబంధన ఉంది. పంపూ నాజిళ్ళూ సరిచేయించి, ఫిల్టర్లు మార్చి, కొలతలో నెగ్గిన పాతబండి ఉంటుంది. పట్టించుకోక పొగ కక్కే ఏడేళ్ళ బండీ ఉంటుంది. ఇప్పటి లెక్కలో మొదటివాడికి బాదుడు, రెండోవాడికి రాయితీ. ఇదేనా పర్యావరణం మీద ప్రేమ?

పోర్టులో తిరిగే పాత లారీల కథ ఢిల్లీలో కూర్చున్నవారికి తెలియదు. లారీ వయసులో ఉన్నప్పుడు చెన్నై, కోల్‌కతా లైన్లు తిరుగుతుంది. ముసలిదయ్యాక చేతులు మారి పోర్టుకు వస్తుంది. బెర్తు నుంచి యార్డుకు, యార్డు నుంచి గోడౌన్‌కు తిరుగుతుంది. లోడు కోసం గంటల తరబడి వరసలో నిలబడుతుంది. తిరిగే కిలోమీటర్లు తక్కువ, వచ్చే కిరాయీ తక్కువే. సముద్రపు గాలికి తుప్పు పట్టే బాడీకి ఏటా అతుకులు, రంగులు వేరే ఖర్చు. లైను బండికి వేసే ఫీజే దీనికీ వేస్తే ఏం మిగులుతుంది?

ఈ బండ్లు ఎవరివి? అంబానీవి కావు, అదానీవి కావు. ఒక లారీ, ఒక ఆటో ఉన్నవాళ్ళవి. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి, ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాసి, చివరికి స్టీరింగ్ పట్టిన నిర్వాసితుల బిడ్డలవి. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు ఫ్యాక్టరీని నూరు శాతం అమ్మేస్తామంది. ఉద్యోగం ఆశ అలా అడుగంటుతున్నప్పుడే, బతుకుతెరువుగా మిగిలిన బండికీ ఎసరు పెట్టారు.

అసలు పొగ ఎక్కడిది?

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అది పరిశ్రమవాడల కాలుష్యానికి వేసిన లెక్క, లారీల వయసుకు వేసింది కాదు. వన్‌టౌన్‌లో ఆరేసిన బట్టల మీద వాలే బొగ్గు ధూళి ఏ ఆటో సైలెన్సర్ నుంచి వచ్చింది? 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చచ్చిపోయారు. యాజమాన్యం నిర్లక్ష్యాన్ని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే తప్పుపట్టింది. లారీకి ఏటా తనిఖీ చేసే ప్రభుత్వం ఆ ట్యాంకులను అంత పట్టుదలగా తనిఖీ చేసి ఉంటే ఆ 12 మంది బతికి ఉండేవారు కాదా? పెద్దవాడి గేటు ముందు చేతులు కట్టుకుని, చిన్నవాడి బండి ముందు లాఠీ తిప్పడం పాలన కాదు.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఇది లారీవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. మీరు కాలేజీకెక్కే షేర్ ఆటో కిరాయిలో ఈ ఫీజు ఉంటుంది. మీ ఇంటికొచ్చే బియ్యం బస్తాలో, సిమెంటు బస్తాలో ఉంటుంది. లారీవాడు కట్టినట్టు కనిపించే ప్రతి రూపాయిలో మనందరి వాటా ఉంది.

అందుకే మేం అడుగుతున్నాం. వయసును బట్టి కాదు, పొగను బట్టి, బ్రేకును బట్టి బండిని తేల్చండి. ఏ వయసు బండికైనా పరీక్షకు అయ్యే ఖర్చే ఫీజుగా తీసుకోండి. షెడ్డులో ఉన్న రోజులకు 50 రూపాయల వడ్డన ఎత్తేయండి. పరీక్షను ప్రైవేటు కేంద్రాలకు అప్పగించేచోట తప్పిన బండికి కారణం తెలుగులో రాసిచ్చి, ఒక్క మరుపరీక్షయినా ఉచితంగా చేయండి. తుక్కుకిస్తే కారుకు ఇచ్చే రాయితీకి తగ్గకుండా లారీకీ ఇవ్వండి. ఒక్క బండి ఉన్నవాడికి కొత్తబండి కొనడానికి బ్యాంకు రుణం, వడ్డీలో సాయం చూపండి. పోర్టు ధూళికీ, ఫ్యాక్టరీ పొగకూ ఏటా తనిఖీ చేసి ఆ లెక్కలు జనం ముందు పెట్టండి.

ఇవి చేస్తే మా బండ్లను మేమే తోలుకొచ్చి మీ మీటరు ముందు నిలబెడతాం. చేయకుండా ఫీజులతోనే గొంతు నులుముతామంటే, పోర్టు రోడ్డు మీద ఆ బండ్లన్నీ ఒక్కరోజు ఆగితే ఏమవుతుందో పాలకులే చూస్తారు.